ఫోన్ ఇచ్చాం సరే, పనేదీ?

కొడుకు డాలస్ నుంచి వచ్చినప్పుడు అమ్మకి స్మార్ట్‌ఫోన్ తెస్తాడు. మూడు వారాల సెలవులో ఒక గంట కూర్చుని నేర్పిస్తాడు, అదీ బయల్దేరే ముందురోజు రాత్రి, సూట్‌కేసులో పచ్చళ్ళ ప్యాకెట్లు సర్దుకుంటూ. పచ్చ బొమ్మ నొక్కితే వాట్సాప్, ఎర్ర బొమ్మ నొక్కితే యూట్యూబ్, కాల్ వస్తే వేలితో ఇలా పైకి జరపాలి. ఆవిడ పాత నోట్‌బుక్‌లో అన్నీ రాసుకుంటుంది. ఆర్నెల్లు తిరిగేసరికి చెయ్యి తిరిగిపోతుంది. పొద్దున్నే నలభై మందికి పూల బొమ్మతో శుభోదయం, మధ్యాహ్నం ఒక ప్రవచనం, రాత్రి మిస్సయిన సీరియల్. ఇంట్లోవాళ్ళకి సంతోషం, "మా అమ్మ ఫోన్లో మాకంటే ఫాస్ట్" అని నలుగురికీ చెప్పుకుంటారు కూడా.

ఇందులో తప్పేమీ లేదు. కాకపోతే ఫోన్ వచ్చాక ఆవిడ కోసం ఎదురుచూసే మనుషులు ఒక్కరు కూడా పెరగలేదు. రేపు ఆ పూల బొమ్మ వెళ్ళకపోతే నలభై మందిలో ఎవరూ గమనించరు, ఎందుకంటే వాళ్ళ ఫోన్లో అలాంటివి ఇంకో పాతిక ఉంటాయి.

పెద్దవాళ్ళూ టెక్నాలజీ అనే మాట వస్తే మన దగ్గర చర్చంతా నేర్పడం చుట్టూనే తిరుగుతుంది. అక్షరాలు పెద్దవి చేద్దాం, క్లాసులు పెడదాం, ఓటీపీ అంటే ఏమిటో చెబుదాం. అవన్నీ కావలసినవే, వాటి సంగతి కిందకి వద్దాం. కానీ నేర్చుకున్నాక దానితో ఏం చెయ్యాలి అన్న ప్రశ్న దగ్గరికి వచ్చేసరికి అందరి దగ్గరా ఉన్న జవాబు ఒక్కటే, కాలక్షేపం. ఇది ఒకందుకు తమాషా అయిన మాట. హరికథా కాలక్షేపం అన్నప్పుడు ఊరంతా గుడి ముందు చాపలేసుకుని కూర్చునేది, కథ చెప్పేవాడికి తాళం వేసేవాడూ, మధ్యలో వంత పలికేవాళ్ళూ, నిద్రపోయే పక్కవాణ్ణి పొడిచి లేపేవాళ్ళూ ఉండేవాళ్ళు. ఇప్పుడు కాలక్షేపం అంటే ఒక్కరే ఒక గదిలో కూర్చుని వేలితో తెర జరుపుకుంటూ పోవడం.

జపాన్‌లో దీనికి సరిగ్గా ఎదురు కొసన నిలబడే ఊరు ఒకటుంది. షికోకు దీవిలో, తొకుషిమా ప్రాంతంలో, కమికత్సు అని కొండల మధ్య చిన్న ఊరు. జనాభా 1,500 లోపే, అందులో సగానికి పైగా 65 దాటినవాళ్ళు. ఒకప్పుడు నారింజ జాతి తోటల మీద బతికేది. 1981 ఫిబ్రవరిలో ఎన్నడూ లేనంత చలి పడి చెట్లు చచ్చిపోయాయి. పడుచువాళ్ళు పట్నాలకి వెళ్ళిపోయారు, ముసలివాళ్ళు మిగిలారు. వ్యవసాయ సహకార సంఘంలో సలహాదారుగా చేరిన తొమోజి యొకోయిషి అనే యువకుడు ఒసాకాలో ఒక సుషీ హోటల్లో తింటూ ఉంటే, పక్క బల్ల దగ్గర కూర్చున్న అమ్మాయిలు ప్లేటులో అందం కోసం పెట్టిన ఎర్రటి మేపుల్ ఆకుని చూసి ముచ్చటపడి, రుమాలులో చుట్టుకుని తీసుకెళ్ళడం కనబడింది. జపాన్ వంటలో కాలాన్నిబట్టి ఆకో పువ్వో వడ్డనలో పెట్టడం ఆనవాయితీ. మా ఊళ్ళో కొండనిండా ఇవే కదా అనుకున్నాడు.

ఊళ్ళో చెబితే నవ్వారు. ఆకులు ఏరుకుని అమ్ముకునే ఖర్మ పట్టిందా అన్నది కొందరి బాధ, చెత్తకి డబ్బులెవరిస్తారు అన్నది కొందరి లెక్క. 1986లో నలుగురంటే నలుగురితో 'ఇరొదొరి' అనే పేరుతో మొదలైంది. మొదట్లో అమ్ముడుపోలేదు, ఎందుకంటే వంటవాడికి ఎంత సైజు ఆకు కావాలో, ఏ వారంలో ఏ రంగు కావాలో ఏరేవాళ్ళకి తెలీదు. యొకోయిషి తన జీతం ఖర్చుపెట్టుకుని ఖరీదైన హోటళ్ళలో తిని మరీ తెలుసుకున్నాడు. మెల్లగా 300 దాకా రకాలు, ఏటా 26 కోట్ల యెన్‌ల వ్యాపారం అయింది. ఆకులు తేలిక, కాబట్టి 80 ఏళ్ళ నడుం కూడా మొయ్యగలదు.

ఇందులో టెక్నాలజీ ఎక్కడ? మొదట్లో ఆర్డర్లు తుపాను హెచ్చరికల కోసం ఊళ్ళో పెట్టుకున్న వైర్‌లెస్ ద్వారా ఫ్యాక్సులుగా ఇంటింటికీ వెళ్ళేవి. 1990ల చివర్లో కంప్యూటర్లు పెట్టారు, ముసలి చేతులకి మౌస్ జారిపోతుందని పెద్ద బంతిలాంటిది దొర్లించే ఏర్పాటు చేశారు, మీటలు తగ్గించారు. తర్వాత టాబ్లెట్లు వచ్చాయి. పొద్దున్నే ఫలానా ఆకు ఇన్ని పెట్టెలు కావాలని తెర మీద పడుతుంది, ముందు నొక్కినవాళ్ళకే ఆర్డరు. తన అమ్మకాలు ఎంతో, మొత్తంలో తాను ఎన్నో స్థానంలో ఉన్నదీ ఎవరిది వాళ్ళు చూసుకోవచ్చు. ఎనభయ్యో ఏట ఒక బామ్మ తెల్లవారకముందే లేచి టాబ్లెట్ ముందు కూర్చుంటోందంటే పక్కింటావిడ తనకంటే ముందు నొక్కేస్తుందన్న కంగారే కారణం. అక్కడ వాళ్ళని కూర్చోబెట్టి "డిజిటల్ ప్రపంచంలోకి స్వాగతం" అని ఉపన్యాసమిచ్చి ఉంటే ఒక్కరికీ వచ్చేది కాదు. ఆర్డరు అందులో ఉంది కాబట్టి వచ్చింది.

ఈ కథని మరీ నెత్తికెత్తుకోనక్కర్లేదు. కమికత్సు జనాభా ఇంకా తగ్గుతూనే ఉంది, ఆకులు దాన్ని ఆపలేదు. పైగా ఎనభై ఏళ్ళవాళ్ళు సంపాదిస్తున్నారు చూడండి అంటూ ఎవరైనా పింఛన్లు కోసెయ్యాలని చూస్తే అదో దుర్మార్గం. ఇక్కడ డబ్బు కంటే ముఖ్యమైనది ఇంకొకటుంది. టోక్యోలో ముక్కూమొహం తెలీని వంటవాడు ఒకడు రేపు పొద్దున ఆ బామ్మ ఆకు కోసం చూస్తుంటాడు. అది రాకపోతే అతనికి ఇబ్బంది. ఆ ఇబ్బందిలోనే ఆవిడ విలువ ఉంది.

మన ఇళ్ళలో ప్రేమ కొద్దీ అనే ఒక మాట సరిగ్గా దీన్నే తీసేస్తుంది. "నువ్వు కూర్చో అమ్మా, మేం చూసుకుంటాం." కోడలు వంటింటి పని అందుకుంటుంది, కొడుకు బిల్లులు ఆన్‌లైన్‌లో కట్టేస్తాడు, కూరగాయలు యాప్‌లో వస్తాయి. తాతయ్యకి కరెంటు బిల్లు క్యూ తప్పింది, నిజమే, దానితోపాటు క్యూలో కలిసే పాత హెడ్‌మాస్టారూ తప్పిపోయాడు. కేంద్ర ప్రభుత్వ పెన్షనర్లు ఏటా నవంబరులో బతికున్నట్టు సర్టిఫికెట్ ఇవ్వాలి. 2014లో దాన్ని డిజిటల్‌గా ఇచ్చే జీవన్ ప్రమాణ్ వచ్చింది, 2021 నుంచి ఇంట్లో కూర్చుని ఫోన్ కెమెరాకి ముఖం చూపిస్తే చాలు. మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళకి ఇది వరమే, ఎవరూ కాదనరు. కానీ నవంబరులో బ్యాంకు దగ్గర జరిగే ఆ వార్షిక సమావేశం, ఎవరు ఉన్నారు, ఎవరు పోయారు, ఎవరి మనవరాలికి సంబంధం కుదిరింది అనే ఆ కబుర్లు, అవి ఏ యాప్‌లోకీ రాలేదు. సౌకర్యం ఒక్కొక్కటి పెరిగినప్పుడల్లా గడప దాటడానికి ఉన్న కారణం ఒకటి తగ్గుతుంది. తగ్గిన దాని స్థానంలో ఇంకొకటి పెట్టాలన్న ఆలోచన సౌకర్యం తయారుచేసినవాళ్ళకి ఎందుకుంటుంది? అది వాళ్ళ పని కాదు.

2011 జనాభా లెక్కల ప్రకారం దేశంలో 60 దాటినవాళ్ళు 10.38 కోట్లు, ఇప్పుడు ఇంకా ఎక్కువ. ప్రపంచంలో ప్రతి ఆరుగురిలో ఒకరిని ఒంటరితనం పట్టి పీడిస్తోందని ప్రపంచ ఆరోగ్య సంస్థ కమిషన్ 2025లో చెప్పింది. నలుగురిలో కూర్చోబెడితే అది పోతుందనుకుంటాం, కానీ కూర్చోబెట్టడం ఒక్కటే సరిపోతుందా అన్నదానికి ఒక మంచి ఆధారం ఉంది, అదీ డాలస్ నుంచే వచ్చింది. అక్కడి టెక్సాస్ యూనివర్సిటీలో డెనిస్ పార్క్ బృందం 60 నుంచి 90 ఏళ్ళ మధ్యవాళ్ళని రెండొందలకు పైగా తీసుకుని గ్రూపులుగా విడదీసింది. కొందరికి డిజిటల్ ఫోటోగ్రఫీ, అందులో కంప్యూటర్ మీద ఫోటోలు దిద్దడం కూడా. కొందరికి బొంతలు కుట్టడం, కొందరికి రెండూ. ఇంకో గ్రూపువాళ్ళు కలిసి కబుర్లు చెప్పుకుంటారు, బయటికి తిరిగొస్తారు, కొత్తగా నేర్చుకునేదేమీ ఉండదు. మరికొందరు ఇంట్లోనే పాటలు, పదకేళీలు. వారానికి 15 గంటల చొప్పున మూడు నెలలు. 2014లో ఫలితాలు ప్రచురించారు. జ్ఞాపకశక్తి మెరుగుపడింది కష్టపడి కొత్తది నేర్చుకున్నవాళ్ళకే, ముఖ్యంగా ఫోటోలవాళ్ళకి. ఊరికే సరదాగా కలుసుకున్నవాళ్ళకి ఆ మేరకు లాభం రాలేదు.

అంటే సులువుగా ఉండేది ఇస్తేనే పెద్దవాళ్ళకి మంచిదన్న మన నమ్మకం తలకిందులు. తలకి కొంచెం పని పెట్టేదే మంచిది. దానితో పాటు ఆ పని ఎవరికో అవసరపడాలి.

ఇక్కడ ఒక పెద్ద అనుమానం వస్తుంది, చదువురాని వాళ్ళ సంగతేమిటని. దీనికి జవాబు మన ఊళ్ళలోనే ఉంది. తెనాలి దగ్గర గుడివాడ అనే పల్లెలో మస్తానమ్మ పొలం గట్టున పొయ్యి పెట్టి వండిన వంటలు 'కంట్రీ ఫుడ్స్' యూట్యూబ్ ఛానెల్లో లక్షల మంది చూశారు. వందేళ్ళు దాటాయని చెప్పేవారు, 2018 డిసెంబరులో పోయింది. గోళ్ళతో అల్లం తొక్క తీసే ఆ చేతుల్ని చూడటానికి ఎక్కడెక్కడి దేశాలవాళ్ళో ఆ ఛానెల్‌కి వచ్చేవారు. కెమెరా పట్టిందీ, ఎడిట్ చేసి పెట్టిందీ కుర్రాళ్ళు, వండింది ఆవిడ. జగిత్యాల జిల్లా లంబాడిపల్లి గంగవ్వ కథా అంతే. వ్యవసాయ కూలి, బీడీలు చుట్టిన మనిషి, 'మై విలేజ్ షో'లో తన మాట తను మాట్లాడింది, 2020లో బిగ్‌బాస్ ఇంట్లోకి కూడా వెళ్ళొచ్చింది. వీళ్ళకి టెక్నాలజీ నేర్పాల్సిన అవసరం రాలేదు. పక్కన ఒక మనవడు వరస కుర్రాడు ఫోన్ పట్టుకుని నిలబడితే చాలింది. పెద్దావిడకి ఎడిటింగ్ నేర్పడం కంటే కుర్రాడికి ఓపిగ్గా వినడం నేర్పడం తేలిక, బహుశా. బహుశా అనే అంటున్నది, ఎందుకంటే కుర్రాళ్ళని చూస్తే ఆ మాట గట్టిగా అనబుద్ధి కాదు.

అందరూ గంగవ్వలు కాలేరు, కానక్కర్లేదు కూడా. వైరల్ అవడం లాటరీ. సంగారెడ్డి జిల్లా జహీరాబాద్ దగ్గర మాచునూరులో 2008 అక్టోబరు నుంచి నడుస్తున్న సంఘం రేడియో ఇంకొంచెం నిలకడైన ఉదాహరణ. డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మహిళా సంఘాలది, 90.4 మెగాహెర్ట్‌జ్, నడిపేది దళిత ఆడవాళ్ళు. ఏ విత్తనం ఏ నేలలో వెయ్యాలో, చిరుధాన్యాల్లో ఎన్ని రకాలుండేవో, నాట్లప్పుడు ఏ పాట పాడేవారో చెప్పగలిగేది ఎవరు? ముసలమ్మలే. బయట ఎక్కడ చూసినా వాళ్ళది పాతకాలపు సోది, ఇక్కడ అదే ప్రోగ్రాం. వినేది కూడా ఎక్కడివాళ్ళో కాదు, పక్క ఊళ్ళవాళ్ళే, కాబట్టి మర్నాడు బస్టాండులో "నిన్న రేడియోల మంచిగ పాడినవ్" అని ఎవరో ఒకరు అంటారు. ఆ మాట వంద లైకులకి సమానమా అని అడిగితే, చాలా ఎక్కువ.

ఇంకా చిన్న స్థాయిలో, ఏ సంస్థా లేకుండా, తెలుగు ఇళ్ళలో ఆడవాళ్ళు తమంతట తాము కనిపెట్టుకున్న పద్ధతి ఒకటుంది. కరోనా లాక్‌డౌన్‌లో జూమ్ మీద మొదలైన లలితా సహస్రనామ, విష్ణు సహస్రనామ పారాయణ బృందాలు. ఇప్పటికీ చాలా నడుస్తున్నాయి, కొన్ని వాట్సాప్ కాల్‌కి మారాయి. పాతికమంది ఉంటారు, తలా కొన్ని శ్లోకాలు పంచుకుంటారు. విజయవాడలో ఒకావిడ, బెంగళూరులో ఒకావిడ, న్యూజెర్సీలో కూతురి దగ్గరున్న ఒకావిడ. పైకి చూస్తే భక్తి, లోపల చూస్తే చాలా పకడ్బందీ ఏర్పాటు. మీ వంతు మీరు చదవకపోతే పారాయణం ఆగిపోతుంది. రెండు రోజులు రాకపోతే బృందం నడిపే ఆవిడ ఫోన్ చేసి "ఏమ్మా, ఒంట్లో బాగాలేదా?" అని అడుగుతుంది. ఉచ్చారణ తప్పితే మర్యాదగా సరిదిద్దేవాళ్ళుంటారు, కొంచెం మర్యాద తగ్గించి సరిదిద్దేవాళ్ళూ ఉంటారు, దానికి అలిగి వెళ్ళిపోయి వారం తర్వాత తిరిగొచ్చేవాళ్ళూ ఉంటారు. అలగడానికి ఒక చోటు ఉండటం కూడా బతుకులో భాగమే కదా. మ్యూట్ తియ్యడం, పెట్టడం వీళ్ళెవరికీ ఏ క్లాసులోనూ నేర్పలేదు, వంతు వచ్చేసరికి అదే వచ్చింది.

మగవాళ్ళ పరిస్థితి ఈ విషయంలో కాస్త జాలిగా ఉంటుంది. ఆఫీసు పోయాక వాళ్ళకి మిగిలేది పేపరు, వాకింగ్, వాట్సాప్‌లో రాజకీయం. టెన్త్ బ్యాచ్ గ్రూపులు చూడండి. యాభై ఏళ్ళ తర్వాత అందర్నీ వెతికి పట్టుకున్నంత కాలం మహా ఉత్సాహం, ఎవరెక్కడున్నారో కూపీ లాగడం, స్కూల్లో కలవడం, బతికున్న మాస్టార్లకి శాలువా కప్పడం. అది అయిపోయిన నెలకి గ్రూపులో పార్టీల గొడవ మొదలై సగం మంది మౌనం, ఇద్దరు ఎగ్జిట్. పని ఉన్నంత కాలం గ్రూపు, పని అయిపోయాక రచ్చబండ. ఆస్ట్రేలియాలో మొదలైన మెన్స్ షెడ్స్ వాళ్ళు దీన్ని సరిగ్గా పట్టుకున్నారు. మగవాళ్ళు ఎదురెదురుగా కూర్చుని మనసు విప్పరు, భుజం భుజం కలిపి ఏదో ఒక చెక్కపని చేస్తుంటే మధ్యలో మాట బయటికొస్తుంది, అందుకని వాళ్ళు పెట్టింది కౌన్సెలింగ్ సెంటర్ కాదు, రంపాలూ సుత్తులూ ఉన్న పాక. మన వాకర్స్ అసోసియేషన్లు కూడా నడక అయ్యాక ఆ బెంచీ మీద నుంచి లేచి ఏదైనా ఒక పని నెత్తినేసుకుంటే, స్కూల్లో బోరు బాగుచేయించడమో, ఆర్టీఐ దరఖాస్తులు రాసిపెట్టడమో, సగం రాజకీయం దానంతటదే తగ్గుతుంది.

సరే, నేర్పడం సంగతి. ఇక్కడ కేరళ కథ చెప్పుకోవాలి. తిరువనంతపురం జిల్లా పుల్లంపారలో, ఉపాధి హామీ కూలీలు కేవలం అకౌంట్లో డబ్బు పడిందో లేదో చూసుకోవడానికి పని మానుకుని బ్యాంకు ముందు నిలబడుతున్నారని గమనించి, పంచాయతీవాళ్ళు ఫోన్లో అది చూసుకోవడం నేర్పాలనుకున్నారు. క్లాసులకి పిలవలేదు. పని జరిగే చోటికే, అన్నం తినే విరామంలో, కాలేజీ పిల్లలూ కుటుంబశ్రీ అనే మహిళా సంఘాల ఆడవాళ్ళూ వెళ్ళారు. 2022లో ఆ ఊరు పూర్తి డిజిటల్ అక్షరాస్యత సాధించిందని ప్రకటించారు, అదే నమూనాతో 2025 ఆగస్టులో రాష్ట్రం మొత్తానికీ ప్రకటించారు, నేర్చుకున్నవాళ్ళలో వందేళ్ళు దాటినవాళ్ళూ ఉన్నారు. ప్రకటనలకుండే హంగు పక్కన పెడితే, ఇందులో గమనించాల్సింది పాఠం ఎక్కడ మొదలైందన్నదే. నా డబ్బు పడిందా లేదా అన్న ప్రశ్న దగ్గర మొదలైంది. నెల్లూరు జిల్లా దూబగుంటలో 1990ల మొదట్లో రాత్రి బడికి వచ్చిన ఆడవాళ్ళు కూడా అక్షరాల కోసం అక్షరాలు నేర్చుకోలేదు, ఆ పాఠాల దగ్గర మాట్లాడుకున్న తమ సంసారం గోడు సారా దుకాణాల మీదికి ఉద్యమమై వెళ్ళింది.

ఇంట్లో నేర్పడం దీనికి పూర్తి విరుద్ధంగా ఉంటుంది. "ఇటివ్వు, నేను చేస్తా" అని ఫోన్ లాక్కోవడం మొదటి తప్పు, అందరం చేసేదే. చెప్పిందే చెబుతున్నప్పుడు గొంతులో వచ్చే విసుగు రెండోది. ఫోన్ ఎవరి చేతిలో ఉండాలంటే నేర్చుకునేవాళ్ళ చేతిలోనే ఉండాలి, నేర్పేవాళ్ళ చేతులు వెనక్కి కట్టేసుకోవాలి. పిల్లలకంటే ఆ వయసువాళ్ళే ఒకళ్ళకొకళ్ళు బాగా నేర్పుకుంటారు, ఎందుకంటే ఎక్కడ తికమకపడతారో తామూ అక్కడే తికమకపడ్డారు. ఫోన్లో పెట్టే తెలుగు మరో అడ్డంకి. ఇంగ్లీషు మీటల్ని నిఘంటువు ముందు పెట్టుకుని తెలుగు చేసినట్టుంటాయి కొన్ని మాటలు, డిగ్రీ చదివినవాళ్ళకే అర్థం కావు. పెద్దవాళ్ళు చాలామంది అందుకే ఇంగ్లీషులోనే ఉంచేసుకుని బొమ్మ గుర్తుతో నెట్టుకొస్తారు. వాయిస్ మెసేజీ మాత్రం నిజంగా వాళ్ళ కోసమే పుట్టినట్టుంటుంది, టైపింగ్ లేదు, స్పెల్లింగ్ లేదు, గొంతు చాలు.

భయం మాత్రం చిన్న విషయం కాదు. పోలీసు యూనిఫాం వేసుకుని వీడియో కాల్‌లో "మీ ఆధార్ మీద కేసుంది, డిజిటల్ అరెస్ట్ చేస్తున్నాం" అని బెదిరించి జీవితకాలం కూడబెట్టింది ఊడ్చేస్తున్నారు. డిజిటల్ అరెస్ట్ అనేది ఏ చట్టంలోనూ లేదు, మోసం జరిగితే వెంటనే 1930కి ఫోన్ చెయ్యాలి, ఈ రెండూ ఫ్రిజ్ మీద కాగితం అంటించినా సరే ప్రతి ఇంట్లో తెలిసి ఉండాలి. కానీ దొంగలు ఎక్కడ దెబ్బకొడతారో చూడండి, ఒంటరిగా ఉన్నచోట. "ఎవరితోనూ చెప్పకండి, కాల్ కట్ చెయ్యకండి" అనేదే వాళ్ళ మొదటి షరతు. పక్కింట్లో తలుపు తట్టి అడిగే అలవాటున్న మనిషి ఆ కాల్‌లో అంతసేపు ఉండడు. మోసపోయాక ఇంట్లో జరిగేది ఇంకా ఘోరం, ఫోన్ లాగేసుకుని చిన్నపిల్లాణ్ణి తిట్టినట్టు తిడతారు, దాంతో రెండోసారి ఏదైనా అయితే చెప్పనే చెప్పరు. దీనికి మధ్యేమార్గాలున్నాయి. 2024లో వచ్చిన యూపీఐ సర్కిల్‌లో కొడుకో కూతురో తమ ఖాతా నుంచి పెద్దవాళ్ళు ఖర్చుపెట్టుకునేలా పరిమితి పెట్టి అనుమతించవచ్చు, లేదా ప్రతి చెల్లింపుకీ తాము సరే అనాలని పెట్టుకోవచ్చు. కూరగాయల బండి దగ్గర స్కాన్ చేసే స్వేచ్ఛ ఉంటుంది, పెద్ద మొత్తం పోయే ప్రమాదం ఉండదు.

ఇక ఫోన్ అసలు లేనివాళ్ళు, ఉన్నా చూపు ఆననివాళ్ళు, చెవులు వినబడనివాళ్ళు. వాళ్ళ సంగతి మర్చిపోయి టెక్నాలజీ గురించి మాట్లాడటం పట్నం ముచ్చట అవుతుంది. కేటరాక్ట్ ఆపరేషన్ చేయించడం, వినికిడి యంత్రం కొనివ్వడం ఏ యాప్ కంటే ముందు చెయ్యాల్సిన పనులు. ఆంధ్రాలో ఒకటో తారీఖున సచివాలయం సిబ్బంది ఇంటికొచ్చి పింఛను ఇస్తారు, వృద్ధులకి 2024 జులై నుంచి నెలకి 4,000 రూపాయలు. వేలిముద్ర యంత్రం జేబులోనే ఉంటుంది, మట్టిపనిచేసి అరిగిన వేళ్ళు దానికి ఒక్కోసారి పడవు కూడా. అయినా ఆ మెషీన్ కంటే ఆ తలుపు కొట్టడమే కొన్ని ఇళ్ళలో పెద్ద సంగతి, నెలలో బయటి మనిషి వచ్చేది ఆ రోజే కాబట్టి. సమస్యలున్న వృద్ధుల కోసం 14567 ఎల్డర్ లైన్ ఉంది, పొద్దున 8 నుంచి రాత్రి 8 దాకా. 2017లో హైదరాబాద్‌లో మొదలైంది, 2021లో దేశమంతటికీ వెళ్ళింది. మన దగ్గర పుట్టిన ఈ నంబరు మనవాళ్ళకే ఎక్కువమందికి తెలీదు.

హైదరాబాద్‌దే ఇంకో కథ. 2009లో విద్యా పరిశోధకుడు సుగత మిత్ర బ్రిటన్‌లో ఒక పత్రిక ద్వారా పిలుపిచ్చాడు, వారానికో గంట స్కైప్‌లో ఇండియా పిల్లలతో మాట్లాడే అమ్మమ్మలు కావాలని. రిటైరైన టీచర్లు, ఇంకా చాలామంది ముందుకొచ్చారు, హైదరాబాద్ పేదబస్తీ స్కూళ్ళ పిల్లలకి తెర మీద నుంచి కథలు చదివి వినిపించారు. గ్రానీ క్లౌడ్ అని పేరొచ్చింది. వాళ్ళు పాఠాలు చెప్పక్కర్లేదు, పిల్లాడు ఏదైనా చేసి చూపిస్తే "అబ్బో, అదెలా చేశావ్?" అనడమే వాళ్ళ పని, అమ్మమ్మలు చేసేది అదే కదా. కావలసింది ఇంగ్లీషు కాబట్టి ఇంగ్లండ్ అమ్మమ్మలు వచ్చారు, అర్థం చేసుకోవచ్చు. అయినా కూకట్‌పల్లిలో మూడో అంతస్తు బాల్కనీలో కూర్చుని రోడ్డు చూసే రిటైర్డ్ తెలుగు టీచరమ్మని ఇప్పటిదాకా ఎవరూ అడగలేదన్నది మాత్రం కొంచెం గుచ్చుకుంటుంది. ఎదురుగా, అమెరికాలో తెలుగు రాని మనవళ్ళు వేలమంది. ఆదివారం పొద్దున ఇక్కడ కాఫీ తాగే వేళకి డాలస్‌లో శనివారం రాత్రి, పిల్లలకి బడి లేదు. వీడియో కాల్‌లో "తిన్నావా, ఏం తిన్నావ్, చలిగా ఉందా" అని ఐదు నిమిషాల్లో అయిపోయే మాటల బదులు, వారానికో కథ సీరియల్‌లా చెప్పి పట్టుమీద ఆపేస్తే, వచ్చే వారం ఫోన్ ఎవరు చేస్తారో చూడాలి.

మనవళ్ళు లేనివాళ్ళకి కూడా ఒక పని కాచుకుని ఉంది, ఇది దాదాపు కమికత్సు ఆకులంత బాగా సరిపోతుంది. ఎవరైనా ఉచితంగా చదువుకునే ఆన్‌లైన్ గ్రంథాలయం తెలుగు వికీసోర్స్‌లో కాపీరైట్ తీరిన పాత పుస్తకాలు, అంటే రచయిత పోయి 60 ఏళ్ళు దాటినవి, ఫోటోలు తీసి పెట్టి ఉంటాయి. కంప్యూటర్ వాటిని చదివి అక్షరాలుగా మారుస్తుంది, మార్చేటప్పుడు తప్పులు చేస్తుంది. ఒక పక్క పాత పేజీ బొమ్మ, ఇంకో పక్క కంప్యూటర్ చదివిన పాఠం, రెండూ పోల్చి సరిదిద్దాలి. సరిదిద్దితే ఆ పేజీ గుర్తు పసుపురంగుకి మారుతుంది, ఇంకొకరు వచ్చి సరిచూస్తే ఆకుపచ్చ అవుతుంది. మెషీన్ ఎక్కడ బోర్లా పడుతుందంటే అరసున్నల దగ్గర, బండి ఱ దగ్గర, పైన గుర్తున్న చ, జ అక్షరాల దగ్గర, ఒత్తు కింద ఒత్తు ఇరుక్కున్న సంస్కృత సమాసాల దగ్గర. ఇంజనీరింగ్ చదివిన పిల్లలు కూడా అక్కడే పడతారు. పడనిది ఎవరంటే పెద్దబాలశిక్ష చదివి, వ్యాకరణం మాస్టారి బెత్తం దెబ్బలు తిని, ముప్పై ఏళ్ళు పేపర్లు దిద్దిన మనిషి. ఎర్ర పెన్ను చేతికిచ్చినంత సుఖంగా ఉంటుంది ఆయనకి.

రోజుకి రెండు పేజీలు చాలు. టైపింగ్ రాకపోతే పక్కన కూర్చునే మనవరాలు టైప్ చేస్తుంది, ఆయన చెబుతాడు. నాలుగో రోజుకి ఆయనకి ఒక విషయం కనబడుతుంది, తను దిద్దిన పేజీని ఎవరో ఆకుపచ్చ చేశారు, చేస్తూ ఒక అరసున్న తీసేశారు. తీసెయ్యకూడని అరసున్న అది. ఆ రాత్రి భోజనం దగ్గర కూడా ఆయన దాని గురించే మాట్లాడతాడు, పొద్దున్నే లేచి చర్చా పేజీలో ఆ ఎవరికో జవాబు రాయాలంటాడు, కాఫీ కంటే ముందు ఫోన్ అడుగుతాడు.